కిర్రు బాబాయి సైకిలు

ఊళ్లోవాళ్ల సైకిళ్లన్నీ బాగుచేస్తూ తన సైకిలును మాత్రం గాలికొదిలేసిన మెకానిక్కును అందరూ కిర్రు బాబాయి అనేవారు. వెనక మడ్‌గార్డు చక్రానికి రాసుకుని కిర్రుమంటుంటే ఆయన రాక వీధి చివరినుంచే తెలిసేది. సాయంత్రం షాపు కట్టేశాక, నలుగురు కలిసి పేదలకు ఊరికే వండిపెట్టే వంటశాలకు వెళ్లేవాడు. భోజనం డబ్బాలు క్యారియర్‌కు కట్టుకుని, రోడ్డు పక్కన పడుకునేవాళ్లకు ఇచ్చి వచ్చేవాడు. సేవ అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఇంట్లో ఉంటే టీవీ చూడాల్సొస్తుందని చెప్పేవాడు.

ఆ చప్పుడు భార్యకు తలవంపులుగా ఉండేది.

"సైకిళ్ల షాపాయన సైకిలే ఇలా ఏడుస్తుంటే మన దగ్గరికి ఎవరొస్తారండీ?"

"వస్తూనే ఉన్నారుగా."

చెప్పి చెప్పి విసిగి, ఆయన కునుకు తీస్తున్న ఒక మధ్యాహ్నం ఆవిడ తమ్ముణ్ణి పిలిపించింది. ఈ బావమరిదికి పని తక్కువ, ఉత్సాహం ఎక్కువ. మడ్‌గార్డు సరిచేసి, చెయిన్‌కు నూనె పట్టించాడు. బాబాయికి ఒళ్లు మండింది. కానీ బావమరిదిని ఏమంటాం?

మూతపడ్డ సినిమా హాలు వెనక ఒక ముసలమ్మ ఉండేది. తరిమేసేవాళ్లు చప్పుడు చేయకుండా వస్తారని ఆమె అనుభవం. కిర్రుమంటేనే గోడచాటునుంచి బయటికొచ్చి డబ్బా అందుకునేది. ఆ సాయంత్రం మసకచీకట్లో సైకిలు చడీచప్పుడు లేకుండా పక్కకొచ్చి ఆగేసరికి, మూట చంకన పెట్టుకుని పరుగెత్తింది. బాబాయి నేనేనమ్మా అన్నా వెనక్కి చూడలేదు.

మర్నాడూ ఆమె లేదు. ఎందుకు పారిపోయిందో అప్పుడు గానీ ఆయన బుర్రకు తట్టలేదు. ఇంటికొచ్చి కంచం పక్కకు జరిపేశాడు. తనవల్ల ఒక మనిషి పస్తుంటోందని భయం పట్టుకుంది. సంగతంతా విని భార్య వెళ్లి పట్టకారు తెచ్చింది.

"మళ్లీ వంచెయ్యండి ఆ మడ్‌గార్డును," అంది. "మా తమ్ముడికి నేను చెప్పుకుంటాలెండి."

పట్టకారుతో మడ్‌గార్డు వంచి, మర్నాడు సాయంత్రం కిర్రుమనిపించుకుంటూ సందుసందూ తిరిగాడు. విసుక్కున్నవాళ్లు విసుక్కున్నారు. బస్సుల షెడ్డు దాటాక, పాత టైర్ల గుట్ట వెనకనుంచి ముసలమ్మ తల కనిపించింది. బాబాయికి ప్రాణం లేచొచ్చింది.

ఆమె డబ్బా తీసుకోలేదు. ముందు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"మొన్న ఎవడో నీ సైకిలు ఎత్తుకొచ్చాడయ్యా. ఇదే సైకిలు, ఇవే డబ్బాలు. దొంగలా వచ్చాడు."

"దొరికాడులేమ్మా. ఇక రాడు."

"అన్నం పెట్టేవాడివి, నీకేమైనా చేశాడేమో అనుకున్నా." అప్పుడు డబ్బా అందుకుంది. "రాత్రిళ్లు తాళం వేసుకో నాయనా. బయట వదిలేస్తే ఎట్లా?"

"వేసుకుంటానమ్మా," అన్నాడు బాబాయి.