తోడల్లుడి కంప్యూటర్

మా వీధి టీవీ మెకానిక్ ఊళ్ళో అందరి బాగూ ఓర్చుకుంటాడు, ఒక్క తోడల్లుడిది తప్ప. ఇద్దరి దగ్గరా ఒకేలాంటి పాతకాలపు కంప్యూటర్లున్నాయి, టీవీకి తగిలించుకునే రకం. "మీది ఒక బొమ్మ గీసేలోపు నాది రెండు గీసేస్తుంది అన్నయ్యా" అని తోడల్లుడు ఫోనులో అన్న రోజునుంచి మెకానిక్‌కు అన్నం సహించలేదు.

కంప్యూటర్ మూత విప్పి, దాని వేగాన్ని నిర్ణయించే క్రిస్టల్ పీకేసి, అంతకన్నా వేగమైనది అతికించాడు. యంత్రం పరుగందుకుంది. కానీ టీవీకి బొమ్మ పంపే భాగం కూడా ఆ క్రిస్టల్ లయలోనే నడవాలి. టీవీ ఆ వేగం అందుకోలేక, తెరమీద బొమ్మ నిలవకుండా జారిపోయింది. ఎన్ని క్రిస్టల్స్ మార్చినా అదే వరస. చివరికి తిట్టుకుంటూ పాతదే పెట్టాడు.

"మీ కడుపుమంట మీద కుక్కర్ పెడితే బోలెడు గ్యాస్ మిగులుతుంది" అంది భార్య.

ఆదివారం మరదలు వచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగేశాడు.

"మీ ఆయన దాంట్లో ఏం మార్చాడేంటి?"

"ఏమీ మార్చలేదు బావా. బొమ్మ గీసే లెక్క అయ్యేదాకా తెర ఆపేస్తారంతే. టీవీలో చూపించే పని తప్పితే కంప్యూటర్ ఆ లెక్క తొందరగా చేసుకుంటుందట."

"ఓస్, ఇంతేనా!" అని పగలబడి నవ్వాడు మెకానిక్. ఆమె గడప దాటగానే తనూ అలాగే చేసి చూశాడు. బొమ్మ సగం సమయంలోనే వచ్చింది.

"హమ్మయ్య, ఇద్దరూ సమానం. ఇక తినండి" అంది భార్య.

అతను కంచం పక్కకు నెట్టేశాడు.

"సమానమెక్కడే? పొద్దస్తమానం టీవీలు బాగుచేసేది నేను. తెర ఆపాలని తట్టింది వాడికి!"