మిరపచేలో రోమింగ్

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. పెళ్ళై ఈ ఊరొచ్చిన దగ్గర్నించీ శ్మశానం పక్క డొంకదారిలోనే చేలోకి వెళ్ళొస్తున్నాను. ఒక్కనాడూ అదిరింది లేదు, బెదిరింది లేదు. కాబట్టి ఇది భయపెట్టడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది గురజాల అవతల, కృష్ణ ఒడ్డున ఒక ఊరు. ఊళ్ళో ఎక్కువమంది వాడే సిమ్ముకి చేలల్లో సిగ్నల్ ఒక్క గీత వస్తుంది, పోతుంది. గుట్ట మీద వేరే కంపెనీ టవర్ ఉంది. ఫోన్‌లో రోమింగ్ ఆన్ చేసి, ఆటోమేటిక్ తీసేసి, ఆ కంపెనీ పేరు మనమే ఎంచుకుంటే మన సిమ్ముతోనే ఆ టవర్ మీద మాట్లాడొచ్చు. ఆటోమేటిక్‌లో వదిలేస్తే ఫోన్ ఆ ఒక్క గీతనే పట్టుకుని వేలాడుతుంది.

ఈ సంగతి కనిపెట్టింది సీతమ్మ పిన్ని. నాకు చుట్టమేం కాదు, ఊరందరికీ పిన్నే. ఒకప్పుడు వార్డు మెంబరు. పదవి పోయినా పెత్తనం పోలేదు. అరుగుల మీద కూచున్నవాళ్ళ ఫోన్లు లాక్కుని మరీ సెట్టింగ్ మార్చేది. "ఆ ఒక్క గీతని నమ్ముకుంటే కొంప మునుగుద్దే" అని తిట్టేది.

మేం నవ్వుకునేవాళ్ళం. కానీ ఆమె పుణ్యాన ఊళ్ళో ఒక కాన్పు కేసు, ఒక గుండెనొప్పి కేసు వేళకి ఆస్పత్రికి చేరాయి. ఊరి కోసం అంతగా తాపత్రయపడిన మనిషిని ఇంకొకర్ని నేను చూడలేదు. నిరుడు వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయింది.

నా ఫోన్ ఆమె పోయాక కొన్నది. ఆ సెట్టింగ్ నేను పెట్టలేదు. రేపు చూద్దాంలే అనుకుంటూ వచ్చాను.

ఈ మధ్య ఒకరోజు మా ఆయన మిరపచేలో పురుగుమందు కొడుతున్నాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే వినే రకం కాదు. మధ్యాహ్నం అన్నం తీసుకుని వెళ్ళేసరికి సాళ్ళ మధ్య పడిపోయి ఉన్నాడు. నోట్లో నురగ. చుట్టుపక్కల చేలల్లో ఒక్కరూ లేరు. అంబులెన్స్ రావాలన్నా గురజాల నుంచి రావాలి. కారు ఊళ్ళో మా మరిది దగ్గరుంది.

మరిదికి ఫోన్ చేశాను. ఒక్క రింగు పోయి తెగిపోయింది. మళ్ళీ మళ్ళీ చేశాను, కలవలేదు. అదే గీత, వస్తోంది, పోతోంది.

ఇంతలో ఆయనకి వాంతి మొదలైంది. గొంతుకి అడ్డం పడుతుందేమోనని ఫోన్ గట్టు మీద పడేసి, రెండు చేతులతో ఆయన్ని పక్కకి తిప్పి పట్టుకున్నాను. చేతులు వదిలితే వెల్లకిలా పడిపోతున్నాడు. ఈ మనిషి పోతే నేనేమైపోవాలని ఒకటే ఏడుపు.

గట్టు మీద ఫోన్ మోగింది. మరిదే. మోచేత్తో నొక్కి దాని మీదికి వంగాను.

"మిస్డ్ కాల్ వచ్చింది, ఏంది వదినా?" అన్నాడు.

ఆ చేలో మాట అంత స్పష్టంగా నేనెన్నడూ వినలేదు. కారు వచ్చింది. గురజాలలో ఇంజెక్షన్ చేసి నరసరావుపేట పంపారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నారు.

ఆయన కుదుటపడ్డాక ఫోన్ తీసి చూశాను. తెర మీద మా కంపెనీ పేరు లేదు, గుట్ట మీది టవర్ కంపెనీ పేరుంది. రోమింగ్ ఆన్. ఆటోమేటిక్ తీసేసి ఉంది.

ఫోన్ కొన్న షాపులో చూపిస్తే, ఇది దానంతటది మారదు, ఎవరో ఒకరు ఫోన్‌తో టవర్లు వెతికించి ఆ పేరు మీద నొక్కాల్సిందే అన్నారు. మా ఆయనకి స్పృహ లేదు. నా చేతులు రెండూ ఆయన మీదున్నాయి. అంతకుముందు కంగారులో వేలు తగిలిందేమోనని కూడా ఆలోచించాను. అన్నిసార్లు, అదే వరసలో తగలదు కదా. ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాక, సీతమ్మ పిన్ని భర్త వెంకయ్య బాబాయి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. నేను పిలవలేదు, సాయం అడగనూ లేదు, అయినా పిన్ని వచ్చిందంటావా అని అడిగాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"బతికున్నప్పుడు మాత్రం ఎవురు అడిగారని చేసిందమ్మాయ్?" అన్నాడు.