సగం గ్లాసు లెక్కలోకి రాదు

నరసరావుపేటలో మా కింది వాటాలో ఒకావిడ ఉండేది. పిన్నీ అని పిలిచేదాన్ని. గంటకోసారి కాఫీ తాగేది, అదీ సగం గ్లాసే. రోజుకు రెండు గ్లాసులు మించొద్దని డాక్టరు చెబితే, సగం గ్లాసులు లెక్కలోకి రావని తనే తేల్చేసుకుంది.

నేనేమో బాబు పుట్టాక కాఫీ మానేశాను. నా పాల ద్వారా వాడిలోకి పోయి నిద్ర చెడగొడుతుందని భయం. ఒక గ్లాసు పర్వాలేదని డాక్టరమ్మ చెప్పినా నమ్మలేదు. ఓ ఉదయం తలనొప్పితో మూలుగుతుంటే పిన్ని గ్లాసుతో పైకొచ్చింది.

"ఏందే ఆ మొహం? తాగు, సగమే!"

"పిల్లాడు నిద్రపోడు పిన్నీ."

"పోకపోతే నేనెత్తుకుంటాలే. తాగవే!"

తాగాను. ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో ఇంకో సగం కూడా పోయించుకున్నాను.

పదకొండింటికి పాలు తాగి పడుకున్న బాబు రెండైనా లేవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి తగులుతున్నా నమ్మకం చాలక అరికాలు గిల్లాను. వాడు కెవ్వుమన్నాడు.

పిన్ని పరుగున వచ్చి వాణ్ణి భుజాన వేసుకుంది. సంగతి విని పొట్ట ఊగేలా నవ్వింది.

"కాఫీని ఎందుకే ఆడిపోసుకుంటావు? ఈడి నిద్ర చెడగొట్టేది నువ్వు గదే!"