గిన్నె మీది పేరు

ఈ ఉదయం కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే డెన్మార్క్ నుంచి ఒక ఫొటో వచ్చి ఉంది. కిటికీ పక్కన చెక్కబల్ల, బల్ల మీద స్టీలు గిన్నె, గిన్నె నిండా స్ట్రాబెర్రీలు. మా ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి "ఇది మన గిన్నె కదూ" అన్నారు. మనదే, సందేహం లేదు. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు వెలుతురు పడి స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది మా అత్తయ్యగారి అన్నగారి పేరు. ఆయన తన జన్మలో గుంటూరు దాటి ఎరగడు. కోర్టు పని పడితే నరసరావుపేట దాకా వెళ్లి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చి, పెద్ద ప్రయాణం చేసొచ్చినట్టు ఒళ్లు నొప్పులని పడుకునేవాడట. అలాంటి మనిషి పేరు సముద్రాలు దాటి వెళ్లి అక్కడ పళ్లు మోస్తోంది. ఆ పేరు అంత దూరం ఎలా వెళ్లిందో చెప్పాలంటే మా పై వాటా సంగతి చెప్పాలి.

గురజాలలో మా ఇంటికి పై వాటా ఉంది. మా చుట్టుపక్కల సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. వాటిలో ఒకదానికి విదేశం నుంచి పెద్ద యంత్రం వచ్చింది. దాన్ని బిగించి, నడిపించి, మనవాళ్లకి అప్పగించి వెళ్లడానికి డెన్మార్క్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. వెంట భార్య, బడికి వెళ్లే వయసు కూడా రాని పాప. కుటుంబాన్ని హైదరాబాదులో ఏసీ ఫ్లాటులో పెడతాం, మీరు ఆదివారాలు వెళ్లి చూసి రండి అని ఫ్యాక్టరీ వాళ్లు అన్నారట. ఆవిడ ససేమిరా అంది. అంతకుముందు రెండు దేశాల్లో అలాగే విడివిడిగా ఉన్నారట, పాప తండ్రిని ఫోనులోనే ఎక్కువ చూసిందట. ఈసారి ఎక్కడైనా సరే, ముగ్గురం ఒకే కప్పు కింద ఉండాలని పట్టుబట్టింది. ఆ ఒకే కప్పు మాది అయింది.

ఆ కప్పు కింద ఆవిడ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మా బోరు నీళ్ల ధర్మమా అని ఆవిడ కెటిల్ వారం తిరక్కుండా లోపల సున్నం కొట్టినట్టయింది. బంగారపు రంగు జుట్టు చీపురుకట్టలా తయారైంది. బ్రెడ్డు పుల్లగా లేదని ఆవిడ బాధ, పుల్లగా ఉంటే పాచిపోయిందని పారేస్తాం కదా అని నా ఆశ్చర్యం. మిరపకాయల కాలంలో ఊళ్లో గాలి కూడా ఘాటే. పొద్దున్నే పై నుంచి ముగ్గురి తుమ్ములూ వంతులవారీగా వినిపించేవి. కరెంటు పోయినప్పుడల్లా ఆవిడ మెట్ల మీదికి వచ్చి మా వైపు చూసేది, మేం ఏ కంగారూ లేకుండా విసనకర్రలు తీసుకోవడం చూసి ధైర్యం తెచ్చుకునేది. వీటన్నిటికీ ఆవిడ తట్టుకుంది. తట్టుకోలేకపోయింది మా ప్రేమకి.

మా వీధిలో పగటిపూట తలుపు వేసుంటే రెండే అర్థాలు. లోపల ఎవరికో ఒంట్లో బాగాలేదు, లేదా మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నారు. ఆవిడ అలవాటు కొద్దీ తలుపు వేసుకునేది. వీధి ఆడవాళ్లు ఆదుర్దాగా తలుపు తోసుకుని వెళ్లి పరామర్శించి వచ్చేవాళ్లు. పాప బుగ్గలు సరేసరి, సాయంత్రానికి కందిపోయేవి. అందుకని పాప కిందికి దిగొచ్చి మా అత్తయ్య పక్కన చేరేది. మా ఇంట్లో పరిచినవి మాచర్ల బండలు, ఎండాకాలంలో ఒళ్లు ఆనిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ బండల మీద అత్తయ్య ఒక పక్క, పాప ఒక పక్క పడుకుని, ఆవిడ తెలుగులో, ఇది వాళ్ల భాషలో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఒకరి మాటకి ఒకరు తల కూడా ఊపుకునేవాళ్లు. మా పిల్లలు పిలిచినట్టే పాప కూడా ఆవిణ్ణి నాయనమ్మా అనేది.

వాళ్లు దిగిన కొత్తలోనే అత్తయ్య కారం తగలకుండా ముద్దపప్పు, నెయ్యి పైకి పంపింది. మర్నాడు గిన్నె తళతళా తోమి, తుడిచి, ఖాళీగా తిరిగి వచ్చింది. అత్తయ్య గిన్నెలోకి చూసి బిత్తరపోయింది. "ఏందే, ఉత్త గిన్నె పంపిచ్చింది? ఇంట్లో చిటికెడు పంచదారకి కూడా గతి లేదా ఏంది, పాపం!" అని జాలిపడి, ఆ పూట రెండు గిన్నెలు పంపింది. అవీ ఖాళీగానే వచ్చాయి. అత్తయ్య జాలి అలా పెరిగిపోతుంటే చూడలేక మా ఆయన రంగంలోకి దిగారు. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ ఇంగ్లీషుకి తిరిగి జవాబు చెప్పే మనిషి దొరకడం ఆయన సర్వీసు మొత్తంలో జరగలేదు. పైకి వెళ్లి కుర్చీ వేయించుకుని కూర్చుని, పొరుగింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదనే ఆచారాన్ని గురించి గంటసేపు ఉపన్యసించారు. తాతముత్తాతల దగ్గర్నుంచీ అన్నీ చెప్పారు. గిన్నెలో ఒక చెంచా పంచదార వేస్తే చాలన్న ముక్క ఒక్కటే చెప్పడం మర్చిపోయారు.

వాళ్ల దేశంలో నడిరోడ్డు మీద పురుగు లేకపోయినా ఎర్రలైటు దగ్గర ఆగుతారట. అలాంటి మనిషికి నియమం అంటే నియమమే. ఆ సాయంత్రమే ఒక నీలం రంగు పింగాణీ గిన్నెలో పాలల్లో ఉడికించిన అన్నం, పైన దాల్చినచెక్క పొడి, మధ్యలో వెన్నముద్ద వేసి పట్టుకొచ్చింది. అత్తయ్య రుచి చూసి "పరమాన్నమేనే. బెల్లం మర్చిపోయినట్టుంది" అంది. ఇప్పుడు ఆ నీలం గిన్నె మేం ఖాళీగా ఎలా పంపుతాం? గారెలు వేసి పంపాం. ఆవిడ దాల్చినచెక్క వేసి చుట్టలు చుట్టిన బన్నులు కాల్చి పంపింది. ఆ బన్నులు నోట్లో వేసుకుంటే కరిగిపోయేవి, అబద్ధం ఎందుకు. మా అదృష్టం ఎదురింటి పిన్నికి తెలిసింది, పిన్నికి తెలిస్తే వీధికి తెలిసినట్టే. పై వాటా అమ్మాయికి మన పద్ధతి తెలుసట అన్నారు. ఇంకేం, గోంగూర ఒక గిన్నె, పులిహోర ఒక గిన్నె, సున్నుండలు ఒక డబ్బా. అందులో ఆప్యాయత ఎంతో, బన్నుల మీద ఆశ ఎంతో వేరు చేసి చెప్పడం కష్టం. నడివేసవిలో ఆవిడ ఓవెను ముందు నిలబడి చెమటలు కక్కుతూ గిన్నెలు నింపేది. పిండి పొంగుతుండగా కరెంటు పోతే మళ్లీ మొదటికి. నింపిన గిన్నె వెళ్లీ వెళ్లకముందే ఇంకో గిన్నె వచ్చేది.

అన్ని స్టీలు గిన్నెలూ ఒకేలా ఉంటాయి, ఏది ఎవరిదో తెలియాలి కదా. ఆవిడ తెలివైంది. గిన్నెల అంచు కింద అక్షరాలున్నాయని కనిపెట్టింది, ఫోను కెమెరా పెట్టి చదివించుకుంది. పేరును బట్టి మనిషిని వెతికి గిన్నె ఇచ్చి రావచ్చనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ మనం గిన్నె మీద కొట్టించేది గిన్నె ఉన్న మనిషి పేరా? పెళ్లికో గృహప్రవేశానికో ఇచ్చినవాళ్ల పేరు. నా వంటింట్లో నా పేరున్న గిన్నె ఒక్కటీ లేదు. నా పేరున్నవన్నీ ఊరందరి వంటిళ్లలో ఉన్నాయి.

అలా ఒక మధ్యాహ్నం ఆవిడ నిండా బన్నులున్న గిన్నె ఒక చేత్తో, పాపని ఇంకో చేత్తో పట్టుకుని, నెత్తిన టోపీతో వీధిలోకి దిగింది. ఇంటి పేరుతో సహా పూర్తి పేరు చెప్పి, ఆయన ఇల్లెక్కడ అని గడపగడపకీ వెళ్లి అడిగింది. ఆ పేరు అత్తయ్య అన్నగారిది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. చివరికి పిన్ని, ఆయన లేడమ్మా అని చెప్పడానికి ఆకాశం వైపు వేలు చూపించింది. ఆవిడ ఆయన మేడ మీద ఉన్నాడనుకుని థాంక్స్ చెప్పి పిన్ని వాళ్ల మెట్లెక్కింది. వీధి వీధంతా పగలబడి నవ్వింది. అందులో చెడ్డ ఏమీ లేదు, మావాళ్లు పెళ్లికొడుకు కాలుజారి పడ్డా అలాగే నవ్వుతారు. కానీ నవ్వెందుకో తెలియని మనిషికి అది ఎలా ఉంటుంది? ఎవరో కాలేజీ పిల్ల ఇంగ్లీషులో అసలు సంగతి చెప్పింది. ఆవిడ మొహం ఎర్రగా అయిపోయింది. గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చి పైకెళ్లి తలుపు వేసుకుంది. ఆ పూట మాత్రం ఆ తలుపు ఎవరూ తోయలేదు.

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి రాగానే ఇంజనీరు కిందికి వచ్చాడు. నిలువెత్తు మనిషి, మా వసారాలో తల వంచుకుని నిలబడ్డాడు. తన భార్య పాపని తీసుకుని వాళ్ల దేశం వెళ్లిపోతానంటోందని, టికెట్లు చూస్తోందని చెప్పాడు. యంత్రం పని అయ్యేదాకా తను కదలడానికి లేదు. అంటే మళ్లీ ఫోనులోనే పాప. మీరంతా చాలా మంచివాళ్లు, తప్పు మాదే అని పదేపదే అని, వెళ్లబోతూ ఆగి మా ఆయన్ని ఒకటే ప్రశ్న అడిగాడు. మీ పద్ధతిలో, ఈ గిన్నెలు పంపుకోవడం ముందు ఎవరు ఆపాలి?

ఆపడం గురించి మాలో ఎవరూ ఎప్పుడూ ఆలోచించి ఉండరు.

అత్తయ్య మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. "ఏమంటన్నాడే?" అంది. చెప్పాను. టికెట్ల మాట విని చేతిలో పని ఆపింది. "ఎవర్ని వెతుక్కుంటా తిరిగిందంట ఆ పిల్ల?" అని అడిగింది. పేరు చెప్పాను. "మా అన్ననా?" అని లేచింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మేడ ఎక్కి ఎన్నాళ్లయిందో. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది, వెనక నేను. పైకి వెళ్లాక తలుపు తోయబోయి ఆగింది. పాప చేస్తుంటే చూసినట్టుంది, వేలి కణుపుతో తలుపు మీద కొట్టింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో అత్తయ్య ఒక తలుపు కొట్టడం నేను చూసింది అదే.

లోపల సూట్‌కేసు తెరిచి ఉంది. గోడ వారన గిన్నెలు బారులు తీరి ఉన్నాయి. అత్తయ్య ఎవరి మొహమూ చూడకుండా నేల మీద చతికిలబడి, అన్నగారి గిన్నె ఒళ్లోకి తీసుకుని, అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు మా అన్న తెచ్చాడమ్మాయ్. ఆయన పోయినాక ఈ వీధిలో ఆయన పేరెత్తినోళ్లు లేరు. నేనే మర్చిపోయా, పప్పులేసి పంపిస్తన్నా. ఇయ్యాల నువ్వు ఇంటింటికీ పోయి మా అన్న ఏడీ అని అడిగావంట. వాళ్లు నవ్వితే నవ్వనీ. నాకు మాత్రం చానా సంతోషంగా ఉంది" అంది. అంటూనే ఏడ్చింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ వచ్చి అత్తయ్య పక్కన బండల మీద కూర్చుంది.

"ఈ గిన్నె ఇంక నీది, తిరిగి ఇయ్యబాక" అంది అత్తయ్య కళ్లు తుడుచుకుని. "తల్లీకూతుళ్లకి గిన్నెల పట్టింపు ఏంది? ముందు నేనే ఆపుతా."

మర్నాడు అత్తయ్య నీలం గిన్నె కడిగి, ఖాళీగా పైకి పంపింది. పంపిందే గాని పొద్దంతా ఏదో అపచారం చేసినట్టు తిరిగింది, రెండుసార్లు పంచదార డబ్బా దాకా వెళ్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. మధ్యాహ్నం మెట్ల మీద చిన్న పాదాల చప్పుడైంది. పాప అదే నీలం గిన్నె, ఖాళీది, రెండు చేతులా పట్టుకుని వచ్చి అత్తయ్య ముందు పెట్టింది. "నాయనమ్మా, పెరుగన్నం" అంది. వెనక తల్లి నిలబడి ఉంది, నవ్వుతోంది. అడిగి పెట్టించుకున్నాక ఇంక పరాయివాళ్లెలా అవుతారు? సూట్‌కేసు మంచం కిందికి పోయింది.

యంత్రం పని పూర్తయ్యేదాకా ముగ్గురూ మా కప్పు కిందే ఉన్నారు. బోరు నీళ్లు మారలేదు, కరెంటు మారలేదు. అత్తయ్య వీధిలో అందర్నీ కేకలేసింది కాబట్టి తలుపులు తోసేముందు పిలవడం నేర్చుకున్నారు, అంటే పిలుస్తూ తోసేవాళ్లు. ఆవిడ కూడా కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అనడం నేర్చుకుంది, పిన్ని కంటే గట్టిగా. వెళ్లేరోజున అన్నగారి గిన్నెని మేం పెట్టిన చీరల మధ్య పెట్టి సర్దుకుంది. నీలం గిన్నె మా వంటింట్లో ఉండిపోయింది. ఆవిడ అడగలేదు, నేను ఇవ్వలేదు, ఇద్దరం చూడనట్టు ఊరుకున్నాం.

ఆ తరవాత అత్తయ్య కూడా వాళ్ల అన్న దగ్గరికి వెళ్లిపోయింది. పై వాటాలో ఇప్పుడు ఎవరూ లేరు. నీలం గిన్నె మీద ఆ డెన్మార్క్ ఆవిడ పేరు కొట్టించాలని మా ఆయన ముచ్చటపడ్డారు గాని పింగాణీ మీద పేరు కొడితే గిన్నె మిగలదు. అందుకే దాన్ని పంచదార గిన్నె చేసి కాఫీల దగ్గర పెట్టుకున్నాను. వచ్చినవాళ్లు ఎవరిదీ గిన్నె అంటారు, నేను ఆవిడ పేరు చెబుతాను. కాలం మా ఇంట్లోంచి ఒక్కొక్కరినే పట్టుకుపోయింది, నిజమే. కానీ అదీ మా వీధి పద్ధతి ఎరిగినదే కాబోలు, ఉత్త గిన్నె మాత్రం తిప్పి పంపలేదు.