పేరు పెట్టి వెతికిన ఫైలు

కర్నూలు కొత్తగా రాజధాని అయినప్పుడు నేను పనిచేసే హోంశాఖ ఆఫీసు డేరాల్లో నడిచేది. మద్రాసు నుంచి వచ్చిన ఫైళ్లు ఇంకా పెట్టెల్లోనే ఉండేవి. ఏ పెట్టె ఏ డేరాలో పడిందో దించిన కూలీలకే తెలియాలి. అందుకని ఫైలు కావాలంటే మొదటి డేరాలోని గుమాస్తా ఫైలు మీది పేరు కేకేసేవాడు, పక్క డేరావాడు అందుకునేవాడు, అట్లా చివరిదాకా. దొరికితే ఫైలు చేతులు మారుతూ వచ్చేది. లేకపోతే గాలికి గుడ్డ కొట్టుకునే చప్పుడే జవాబు. నాకీ అరుపులంటే ఒళ్లుమంట. సంతలో గొడ్లు తప్పిపోయినట్టు ఏమిటీ గోల అని సణుక్కునేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే అహోబిలం దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఊళ్లో కొట్లాటలో మనిషి చచ్చిపోయి, ఆ కేసులో ఆయన కొడుక్కి ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష అర్జీకి నెలలైనా జవాబు లేదు. ఉరికి వారం కూడా లేదని జైలు నుంచి కబురొచ్చిందట. నేను కొడుకు పేరు ఇంటిపేరుతో సహా కేకేయించాను. అది డేరా తర్వాత డేరా దాటి పోతుంటే పెద్దాయన చెవులు మూసుకున్నాడు.

"గట్టిగా పిలిపించొద్దప్పా, నీకు దండం పెడతా. జైల్లో గూడా ఉరితీసే పొద్దు ఇట్లే పేరు పెట్టి పిలుస్తారంట."

"పిలవకుంటే ఫైలెట్లొస్తాది?" అని కసురుకున్నాను.

ఏమీ రాలేదు. మధ్యాహ్నానికి గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. మద్రాసువాళ్లకు ఇంటిపేరు లెక్కలోది కాదు, సొంత పేరుతోనే కట్టలు కడతారు. ఈసారి ఆ పేరొక్కటే కేకేయించాను. ప్రతి డేరా నుంచీ ఫైళ్లు వచ్చి పడ్డాయి. మా వైపు ఇంటికొకడికి అహోబిలం సామి పేరే మరి. ఊరు చూసి ఏరితే రెండు మిగిలాయి. రెంటిమీదా అదే పేరు, లోపలి అర్జీల్లో అదే ఇంటిపేరు, అదే కేసు. తండ్రి పేరొక్కటే వేరు.

బయటికొచ్చి, రెండో ఫైలు ఎవరిదని పెద్దాయన్ను అడిగాను.

"రెండోవాడు నా తమ్ముని కొడుకప్పా. ఇద్దరికీ మా నాయన పేరే పెట్టుకున్యాం. తమ్ముడు పోయినాడు, వాణ్ణీ నేనే సాకినా. ముందు మావోనిది దొరికితే వానిదీ అడుగుదామనుకున్యా."

తెరిచి చూస్తే రెండింట్లోనూ అర్జీల మీద ఆర్డర్లు సంతకాలై ఉన్నాయి. ఊరు మారే హడావుడిలో జైలుకు పంపడం మరిచారు. ఒకరికి ఉరి తప్పింది, ఒకరికి ఖాయమైంది. ఆ మాట నోరు జారి ఆయనతో అనేశాను. తర్వాత ఫైళ్లు గుండెకు ఆనించుకుని, "పెద్దాయనా, నీ పేరేంది?" అన్నాను.

ఆయన ఫైళ్లకేసి చూసి నా మొహంలోకి చూశాడు. గాలికి డేరా తాళ్లు బిగుస్తూ వదులవుతూ ఉన్నాయి.

"ఏ పేరు చెబితే నా కొడుకు బతుకుతాడప్పా?"

నా కోపం, నా వెటకారం ఎటుపోయాయో. ఆయన అబద్ధమాడితే బాగుండునని కూడా అనిపించింది, ఆడినా ఏమీ మారదని తెలిసీ. ఆయన తల దించుకుని తన పేరు చెప్పాడు. అబద్ధమాడలేదు. అది ఉరి ఖాయమైన ఫైల్లో తండ్రిగా ఉన్న పేరు.