ఖుద్దూస్ ఒకటో నంబరు మోటరు

బావి మోటరు కాలిందంటే ఎల్లారెడ్డి చుట్టుపక్కల రైతులు బస్టాండు వెనక ఖుద్దూస్ రేకుల షెడ్డుకే మోసుకొచ్చేవారు. అతడు మాడిన తీగంతా పీకి, కొత్త రాగితీగ చుట్టి, బేరింగులు మార్చి, వార్నిష్ పూసి ఎండలో ఆరబెట్టేవాడు. ఏడాది పూచీ ఇచ్చేవాడు. మూత లోపల తెల్లరంగుతో వరస నంబరు వేసేవాడు. పదకొండేళ్లలో ఆ నంబరు మూడు వందలు దాటింది.

ఎనభై ఏడు ఎండాకాలంలో సగం ధరకే కొత్త మోటర్లిచ్చే పథకం ఒకటి వచ్చింది. పాతది మళ్లీ ఎవరికీ అమ్మకుండా ఆఫీసరు ఎదుటే పగలగొట్టాలని షరతు. అంత గొప్ప ఆలోచన ఏ మహానుభావుడికి తట్టిందో గానీ, ఖుద్దూస్ నోటికాడి కూడు లాగేసింది.

ఆ పథకం నడిపే కామారెడ్డి ఆఫీసుకు కాళ్లరిగేలా తిరిగాడు. పగలగొట్టే బదులు తనకిస్తే బాగుచేసి, కొత్తవి కొనలేనివాళ్లకు అందిస్తానన్నాడు. ఇంత ఇనుము, ఇంత రాగి మట్టిపాలు చేయొద్దని బతిమాలాడు. బాగుచేసిన మోటరన్న మాటే కాగితంలో లేదన్నాడు ఆఫీసరు.

రెండు నెలలు షెడ్డుకు ఒక్క మోటరూ రాలేదు. భార్య ఖాజాబీ ఉన్న జొన్నపిండిని పలచగా కాచి రోజులు నెట్టింది. ఈ పని తప్ప మరొకటి రాని ఖుద్దూస్‌కు ప్రాణభయం లాంటి భయం పట్టుకుంది.

అప్పుడే ఆఫీసు నుంచి కబురొచ్చింది. మోటర్లు పగలగొట్టడం ఎవరికీ చేతకావడం లేదట, కూలికి రమ్మన్నారు. ఖుద్దూస్ సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా సమ్మెట పట్టుకుని జీపెక్కాడు.

జీపు మొదట బాలమల్లు అనే రైతు బావి దగ్గర ఆగింది. మూత విప్పితే లోపల ఒకటో నంబరు.

"పొద్దుగాల సుత మడి పారిచ్చిందే అన్నా," అన్నాడు బాలమల్లు నేలచూపులు చూస్తూ.

ఖుద్దూస్ చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఇది నడుస్తున్నది సారూ. దీన్నొక్కదాన్నన్న ఇడ్వున్రి."

ఆఫీసరు తన చేతిలోని కాగితం చూపించాడు. మూడో దెబ్బకు మోటరు పగిలింది. బయటపడ్డ రాగితీగ ఎక్కడా మాడలేదు. ఖుద్దూస్ అక్కడే కూలబడి ఏడ్చాడు.

సాయంత్రం ఇంటికొస్తే, పని ఎన్నాళ్లుంటుందని ఖాజాబీ ఆశగా అడిగింది.

"నేను ఏసిన నంబర్లన్నీ ఒడిసేదాంక," అన్నాడు.