మిరప కోతల్లో మేక కథ

కథ ఒక్కసారి వింటే చాలు, ఆవిడకు నోటికి వచ్చేసేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాక నేను గుంటూరు బ్రాడీపేటలో ఇంటిపట్టునే ఉండేదాన్ని. ఖాళీగా కూర్చుంటే నా నోరు ఊరుకోదు. అది గ్రహించిన మా ఇంటాయన, "ఎక్కడన్నా నలుగురికి చదువు చెప్పుకోరాదూ" అన్నాడు. నా మీద ప్రేమతో కాదు, తన ప్రశాంతత కోసం. అలా నేను మిరప పొలాల మధ్యనున్న ఒక పల్లెలో "అమ్మల బడి"కి వెళ్ళడం మొదలుపెట్టాను.

చర్చి పక్కనున్న రేకుల షెడ్డే ఆ బడి. సాయంత్రం పొలం పనుల నుంచి వచ్చిన తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు. తల్లికి అక్షరాలు నేర్పాలి, తల్లీబిడ్డా కలిసి ఒక బొమ్మల పుస్తకం చదివేలా చెయ్యాలి. పిల్లల్ని కొట్టకుండా తిట్టకుండా మాట్లాడటం కూడా నేర్పాలి. "కొట్టకపోతే నేను అమ్మనని వాడికెట్టా తెలుస్తదండీ?" అని ఒకావిడ అడిగింది. నేను మాట మార్చి పలక అందుకున్నాను. నేనూ నా పిల్లల్ని పువ్వుల్లో పెట్టి పెంచలేదు మరి.

నేను చెప్పబోయే ఆవిడ పత్తి తీతలకూ మిరప కోతలకూ వెళ్ళే కూలీ మనిషి. తమ్ముళ్ళను ఎత్తుకోవడంతోనే చిన్నతనం గడిచిపోయి బడి ముఖం చూడలేదు. కానీ జ్ఞాపకశక్తి మాత్రం అద్భుతం. చిన్నప్పుడు చర్చిలో బైబిలు కంఠత వాక్యాల పోటీ పెడితే, పక్కపిల్ల చదువుతుంటే విని తను గడగడా అప్పజెప్పేదట. ఆ బహుమతుల స్టీలు గ్లాసుల్లోనే ఇంట్లో ఇప్పటికీ నీళ్ళు తాగుతారు.

ఆవిడ కూతురు రెండో తరగతి. నేను మేక కథ చదివి వినిపించిన మర్నాడు, తల్లి పుస్తకం తెరిచి కూతురికి అదే కథ చెబుతోంది. మేకకు వానంటే భయం. అరటాకు గొడుగు కోసం ఊరంతా తిరుగుతుంది, తీరా దొరికాక ఆకలేసి గొడుగునే తినేస్తుంది. పేజీలు బొమ్మల్ని బట్టి సరిగ్గానే తిప్పుతోంది గానీ వేలు మాత్రం ఎక్కడో ఉంది, మాట ఎక్కడో ఉంది. నాకు వెంటనే అర్థమైంది. నోరు తెరవబోయి పిల్ల ముఖం చూసి ఆగిపోయాను. తల్లి నోటివంక చూస్తూ మురిసిపోతోంది అది.

ఆ రోజు వెళ్ళబోతుంటే పంపు దగ్గర ఆవిడ నన్ను ఆపింది.

"మేడంగారూ, దానికి చెప్పబాకండి. మా అమ్మకు చదువొచ్చిందని బళ్ళో అందరికీ చెప్పుకుందంట. ఇప్పుడు రాదంటే దాని మొహం నేనెట్టా చూసేది? ఈలోగా నిజంగానే నేర్చుకుంటా."

సరేనన్నాను. అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది కూడా. కానీ కథ నోటికొచ్చిన మనిషికి అక్షరంతో ఏం పని? కళ్ళు పేజీ మీద నిలిచేవి కావు, నోరు ముందే పరుగెత్తేది.

ఇంతలో కాయ కోతలు మొదలయ్యాయి. రోజంతా పండుమిరప కోసిన చేతులు సబ్బుతో కడిగినా, కొబ్బరినూనె రాసినా మండుతూనే ఉంటాయి. ఆ రోజుల్లో అక్కడి తల్లులు పసిపిల్లలకు నీళ్ళు కూడా పొయ్యరు, ఆ పని నాయనమ్మలదే. గుంటూరులో పుట్టి పెరిగి, ఏటా ఆవకాయ పెట్టే నాకు ఆ మాత్రం తట్టొద్దూ? తట్టలేదు. "బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, తల నిమరాలి, మాట కింద వేలు పెట్టి చదవాలి" అని మాకిచ్చిన శిక్షణ పుస్తకంలో ఉంది. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని రాసినవాళ్ళకు మిరపకాయ కూరలో మాత్రమే తెలుసు. నేను ఆ మాటల్నే చిలకలా పలికాను.

తల్లులు పాపం నా మాట కాదనలేక పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. కాసేపటికి ఒక పిల్లాడు వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, అదే వేలితో కళ్ళు నలుపుకున్నాడు. ఇక చూడండి, షెడ్డంతా ఏడుపులే. పుస్తకాలకే ఘాటెక్కింది. ఏం జరిగిందోనని నేనూ వేలు తడి చేసుకుంటూ రెండు పేజీలు తిప్పి చూశాను, నా పెదవులు కూడా మండిపోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పాస్టరమ్మగారు గిన్నెడు పెరుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

మనవరాలితో వచ్చి మూల కూర్చునే నాయనమ్మ, మన మేక కథ ఆవిడకు అత్తగారే, ఒక్క కేక వేసింది. "చేతులు ఎనక్కి పెట్టుకోండే! పుస్తకం పిల్లోళ్ళ దగ్గరుండాల. కళ్ళతో చదవలేరూ?"

మర్నాటి నుంచి అదే పద్ధతి. పుస్తకం పట్టుకునేదీ, పేజీ తిప్పేదీ, వేలు పెట్టేదీ పిల్లలే. తల్లులు చేతులు వెనక్కి పెట్టుకుని చదవాలి.

కూతురు మేక పుస్తకం తెరిచి మొదటి మాట కింద వేలు పెట్టింది. తల్లి మొదలుపెట్టింది. "అనగనగా ఒక మేక. దానికి వానంటే మా చెడ్డ భయం. మబ్బు పడితే చాలు, ఎవరింటి చూరు కిందన్నా దూరేది. తిట్లన్నా పడేది గానీ ఒక్క చుక్క మీద పడనిచ్చేది కాదు."

పిల్ల వేలు అప్పటికే వరుస చివర ఆగిపోయింది. కథను తల్లి రోజురోజుకూ పెంచుకుంటూ వచ్చింది, పుస్తకంలో మాత్రం బొమ్మ కింద నాలుగు మాటలే ఉన్నాయి.

"అమ్మా, ఇక్కడ ఇంతే ఉంది. నువ్వు అంత చెప్పావేంది?"

దొంగకు తేలు కుట్టినట్టయింది తల్లికి. ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుదామని నేను ముందుకు వంగాను. ఆవిడ నాకా అవకాశం ఇవ్వలేదు.

"నాకు చదవడం రాదు తల్లీ. మేడంగారు చదువుతుంటే విన్నా. నీకాడ గొప్పగా ఉంటదని చదివినట్టు చెప్పా."

పిల్ల ఏడవలేదు. పుస్తకం మూసి నాయనమ్మ పక్కకు వెళ్ళి కూర్చుంది. మర్నాడు అమ్మల బడికి రానంది.

తల్లి మాత్రం వచ్చింది. మిగతావాళ్ళంతా పిల్లలతో కూర్చుంటే తనొక్కతే వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని నా ముందు కూర్చుంది. "అది రాకపోయినా నాకు నేర్పండి" అంది. నేను చాలామందికి చదువు చెప్పాను, అలా సిగ్గును దిగమింగుకుని వచ్చి కూర్చున్న మనిషిని మాత్రం చూడలేదు. ఆవిడకు నోటికి రాకుండా రోజుకో కొత్త కాగితం తెచ్చి, నేనే పట్టుకుని చూపించేదాన్ని.

ఇంటి దగ్గర పిల్లను కొట్టలేదు, బతిమాలలేదు. కానీ ఇంట్లోనూ దారిలోనూ కనిపించిన ప్రతి అక్షరాన్నీ దాని ముందే పైకి చదివేదట. చేత్తో ముట్టుకోకూడదు గనక టీపొడి ప్యాకెట్టును గడ్డంతో చూపించి మరీ చదివేది. ఒకరోజు బస్సు బోర్డు తప్పు చదివింది. పిల్ల ఉండబట్టలేక, "అది చీరాల కాదు, చిలకలూరిపేట!" అని కసిరింది. తల్లి ఆ తిట్టును నాకు పండగ కబురులా చెప్పింది.

ఆ తర్వాత పిల్ల వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా మేక పుస్తకం తీసి తల్లి ముందు పెట్టి, "నా వేలు ఆగినకాడ నువ్వూ ఆగాల. ఎక్కువ చెప్పబాక" అంది. ఆ మిరప కాలమంతా అలాగే చదివారు. పిల్ల వేలు నడవకుండా తల్లి నోరు కదలడానికి వీల్లేదు. ఆ చిన్నవేలు చేసిన పని నా శిక్షణ పుస్తకం జన్మలో చేయలేదు.

కోతలయిపోయాయి. ఎండలు ముదిరాక, సెలవులకు ముందు కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. సముద్రం ఒడ్డున పడవల కథ, నేను కూడా అంతకుముందు చూడలేదు. తల్లీకూతుళ్ళు నా పక్కనే కూర్చుని తెరిచారు. ఈసారి పిల్ల తనే చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీలో ఒక మాట దగ్గర తడబడి ఆగిపోయింది.

అందిద్దామని నేను నోరు తెరిచాను. పిల్ల నావైపు చూడనైనా లేదు. తల తిప్పి, "అమ్మా, ఇదేందో చెప్పు" అంది.

తల్లి వంగి చూసింది. పెదవులు కదిలాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "ఉప్పుటేరు" అంది.

పిల్ల సరేనన్నట్టు మళ్ళీ తల వంచి చదువుకుంటూ పోయింది. తల్లి అలవాటుగా వెనక్కి పెట్టుకున్న చెయ్యి తీసి దాని తలమీద వేసింది. రెండో చేత్తో తన కళ్ళు తుడుచుకుంది. కోతలయిపోయి చాలా రోజులైంది కదా, ఇప్పుడా చేతుల్లో మంట లేదు.